పనిముట్టు సొంపు, పనివాని చేయి



ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగు పండితుడనై పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. నావంటివాడు కంప్యూటరు ముచ్చట చెప్పబూనుట మీలో కొందఱికి వింతగా దోచవచ్చును. అయినను మన యిండ్ల పిల్లలు పెక్కుమంది హైదరాబాదునను, సముద్రముల కావలను, దినమంతయు నొక పనిముట్టు ముందఱ కూర్చుండి జీవనము సేయుచున్నారు. అట్టి పనిముట్టు నొకదానికి 2012వ సంవత్సరమున వేషము మార్చిరి. దానిపై వేలమంది మొఱపెట్టుకొనిరి. మా రెండవవాడును వారిలో నొకడు. ఆ యేటి ఉగాదికి ఇంటికి వచ్చి, పచ్చడి చేతబుచ్చుకొనియు దానినే తలచుకొని విసుగుకొనుచుండెను. అసలు సంగతి యేమని నేను తఱచి యడిగి తెలిసికొంటిని.

ప్రోగ్రామనగా కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా వ్రాసియిచ్చు ఆజ్ఞాపత్రము. దానిని వ్రాయుటకు, తప్పులు వెదకుటకు, నడిపించి చూచుటకు వలయు సాధనములన్నియు ఒక్కచోట నమర్చిన కార్యశాల వంటిది విజువల్ స్టూడియో. అమెరికాలోని రెడ్మండు పట్టణమున నున్న మైక్రోసాఫ్టు సంస్థవారు 1997లో దానిని మొదట వెలువరించిరి. ఆ మఱుసటి యేడే వారి శాఖ హైదరాబాదున వెలసినది. వడ్రంగి సంచిలో ఉలి, బాడిస, చిత్రిక యున్నట్లు, ఈ కార్యశాల తెరపై చిన్నచిన్న గుర్తుబొమ్మలు వరుసగా నుండును. ఒక్కొక్క బొమ్మను నొక్కిన ఒక్కొక్క పని జరుగును.

ఈ బొమ్మల పద్ధతి క్రొత్తది కాదు. 1975లో డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ అను నాతడు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసములో ఇట్టి బొమ్మలకు ఐకాన్ అను పేరు పెట్టెను. 1984లో వచ్చిన మాకింటాష్ కంప్యూటరునకు సూజన్ కేర్ అను చిత్రకారిణి గళ్ల కాగితముపై, అడ్డము 32, నిలువు 32 గళ్లలో బొమ్మలు వేసినది. నవ్వుమొగముగల కంప్యూటరు, చేతిగడియారము, బాంబు – అన్నియు నలుపుతెలుపులే. రంగు లేశమైనను లేదు. అయినను చూచినవా రెల్లరు గుర్తించిరి. ఏలయన బొమ్మలు కొలదిగా నుండెను. ఒకదాని యాకారము మఱియొకదానికి లేదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

విజువల్ స్టూడియోలో నట్లు గాదు. ఏటికేడు క్రొత్త పనులు చేరి, బొమ్మలు వందలకు పెరిగినవి. ఒక్కొక్కటి అడ్డము 16, నిలువు 16 చుక్కలలో నిముడవలెను. తెర సంతరోజు బజారువలె నయ్యెను. దానిని దిద్దబూనినవారి తలంపు చెడ్డది కాదని నా యభిప్రాయము. పనివాడు వ్రాయుచున్న వ్రాతయే ముఖ్యము గదా, చుట్టునున్న చట్రము వెనుకకు తగ్గవలెను, పెండ్లికూతురికంటె పందిరి మెఱయరాదు అని వారి వాదము. అదిగాక ఆ సంస్థవారు 2010 నుండి తమ ఫోనులకును, తరువాత విండోస్ 8నకును, ఆడంబరము లేని చదునైన రూపమును తీర్చుచుండిరి. ఇదియు ఆ వరుసలో చేరవలసి వచ్చెను.

2012 ఫిబ్రవరి 29న పరీక్షార్థము విడుదలైన కూర్పులో బొమ్మల రంగు లన్నియు పోయినవి. బూడిదవన్నె గోడ, బూడిదవన్నె బొమ్మలు. పదేండ్లుగా ఆకుపచ్చ కనబడినచోటికి చేయి పోవుట కలవాటుపడినవాడు, ఇప్పుడు ప్రతి బొమ్మయొద్ద నాగి, ఇది యేదని చదువుకొనవలసి వచ్చెను.

ఇచట నా తప్పు నొకటి చెప్పుకొందును. మా బడిలో నొక పుస్తకముల బీరువా యుండెడిది. సుమారు ఇన్నూఱు పుస్తకములు. చినిగిన యట్టలు, పలురంగులు. ఒక వేసవిలో నేను శ్రమపడి అన్నింటికిని ఒకే ఖాకీ కాగితపు అట్టలు వేసి, వీపున ముత్యములవంటి యక్షరములతో పేళ్లు వ్రాసితిని. చూచినవారందఱు మెచ్చుకొనిరి. ఆఱవ తరగతిలో చదువు సరిగా రాని పిల్లవాడొకడు అంతకుమున్ను ప్రతి శనివారము వచ్చి ఎఱ్ఱయట్ట కథలపుస్తకము తీసికొని బొమ్మలు చూచుకొనెడివాడు. బడి తెఱచిన పిదప వాడు బీరువాదగ్గఱ కొంతసేపు నిలిచి వెడలిపోయెను, మరల రాలేదు. నాకు సంగతి తెలియుటకు దసరా దాటినది. కాగితము విప్పివేసితిని గాని, ఎఱ్ఱయట్ట నప్పటికే చించి పాఱవేసియుంటిని.

రెడ్మండువారు నాకంటె త్వరగా మేలుకొనిరి. మే 8న తమ దిద్దుబాటును ప్రకటించిరి. పూర్వపు రంగులన్నింటిని మరల కుమ్మరింపలేదు. నడపుట, ఆపుట, చేర్చుట, తీసివేయుట, వెదకుట వంటి నిత్యకృత్యముల గుర్తులకు మాత్రము రంగు నిచ్చి, తక్కినవానిని నెమ్మదిగా నుండనిచ్చిరి. గోడవన్నెను కొంత తేల్చిరి. రంగొక్కటియే గుర్తగుటయు మంచిది కాదు. ఎఱుపునకు ఆకుపచ్చకు భేదము తెలియని కన్నులు మగవారిలో తక్కువ కాదు. ఆకారమును, రంగును రెండును చెప్పినప్పుడే గుర్తు నిలుచును.

అయితే అదే దిద్దుబాటులో మఱియొక చిక్కు తెచ్చుకొనిరి. తెరపైభాగమున నుండు ఫైలు, ఎడిట్, వ్యూ అను మాటలను ఇంగ్లీషు పెద్దబడి యక్షరములతోనే వ్రాసిరి. మన లిపిలో పెద్దబడి చిన్నబడి భేదము లేదు గనుక దీని బాధ మనకు వెంటనే తెలియదు. చిన్నబడిలో కొన్ని యక్షరములు పైకి లేచును, కొన్ని క్రిందికి దిగును. పెద్దబడిలో అన్నియు ఇటుకలవలె సమానము. మైల్స్ టింకర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1920ల నాటికే, అంతయు పెద్దబడిలో నున్న వాక్యములు చదువుట మెల్లగా సాగునని పరీక్షించి చూపెను. ఒంటిమాటలకు నష్టము స్వల్పమే కావచ్చును. ఉత్తరములలో పెద్దబడి వ్రాసిన కేకలు వేసినట్లు భావించుట వారి యాచారము. దినమంతయు నెత్తిపై కేకలెవరు సహింతురు? పై వరుసకు నిలుకడ కలుగుననియు, తమ తక్కిన వస్తువులతో పొత్తు కుదురుననియు సంస్థవారు సమాధానము చెప్పిరి. మొఱలు తగ్గలేదు. తుదకు, కంప్యూటరు లోపలి అమరికల పట్టికలో నొక చిన్న మార్పు చేసికొన్నచో పూర్వపు వ్రాత వచ్చునట్లు త్రోవ నుంచిరి. ఆగస్టులో తుదికూర్పు వెలువడెను. 2013నాటి కూర్పులో ఆ మార్పు ఎల్లరికి కనబడుచోటనే చేర్చిరి.

ఆ 2013లోనే పూర్వపు నీలవర్ణపు గోడయు, తెల్లనిదానికి, నల్లనిదానికి తోడుగా మూడవదై తిరిగివచ్చినది. దానికై అందఱికంటె నెక్కువ గొడవ చేసిన మావాడు రెండు వారములు నీలములో నుండి, తానే మరల నల్లనిదానికి మాఱెను. ఏమిరా యనగా, "రాత్రులు కళ్లకు హాయిగా ఉంది నాన్నగారూ" అనెను. నిరుడు నాకు శుక్లములు తీసిన పిదప వాని ప్రక్కన కూర్చుండి చూచితిని. బొమ్మల రంగులు తెలిసినవి గాని, ఆ నల్లని తెరమీది యక్షరములు మాత్రము నా కంటి కానలేదు.