ఉల్లిపొట్టునుండి ప్రత్తిపువ్వుదాక



నేను ముప్పదియేండ్లకుపైగా తెలుగు పండితుడనుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. అమరమును, కావ్యములును, కౌముదియును చదివినవాడు రసాయనశాస్త్రమును గూర్చి ప్రసంగింప బూనుట కొందఱకు వింతగా దోపవచ్చును. దానికి గారణము గలదు. నారాయణగూడలో పాఠము చెప్పుచున్న దినములలో నొకనాడు ఒక బాలుడు లేచి, "సారూ, రసాయనశాస్త్రములో క్రొత్తది కనిపెట్టినవారు మన తెలుగునాట నెవరైన నున్నారా?" అని యడిగెను. "మనవి కావ్యములు నాయనా, గాజుకుప్పెలు సీమవారివి. కూర్చుండుము" అంటిని. తరగతి యంతయు నవ్వెను. బాలుడు కూర్చుండెను. ఆ యేడాది మఱల నన్నేమియు నడుగలేదు.

ఇప్పుడు నా నివాసము చిక్కడపల్లి. సాయంకాలమున అశోక్‌నగరు చెంతనున్న నగర కేంద్ర గ్రంథాలయమునకు బోవుదును. అచ్చట ఉద్యోగపరీక్షలకు చదువుకొను పల్లెటూరి పిల్లలు మెండు. అందొకడు, రసాయనశాస్త్రమున ఎం.ఎస్సీ. చదివినవాడు, నాకు పరిచితుడాయెను. అతని వ్యాకరణసందేహములు నేను దీర్చుచుండగా, అతడు 1947 నాటి యొక పరిశోధనపత్రమును నాకు మూడు సాయంకాలములు చదివి బోధించెను. అది వాల్తేరులో వ్రాయబడినది. నేను బాలునితో నన్నమాట తప్పని అప్పుడు తెలిసినది.

విషయము ఫినాలును గూర్చినది. ఆసుపత్రి గచ్చులు కడుగు మందు వాసన మీ రెఱుగుదురు. ఆ వాసన గలదియే కార్బాలికామ్లము, లేక ఫినాలు. 1834లో రూంగే యను జర్మను రసాయనికుడు రాక్షసిబొగ్గు తారునుండి దీనిని వేఱుచేసెను. ఆఱు కర్బనపరమాణువులు బండిచక్రమువలె గూడియుండగా, ఒకచోట ఆమ్లజని ఉదజనుల జంట యొకటి యంటియుండును. ఇట్టి జంటలు చక్రమునకు గల పదార్థములన్నియు నీ కుటుంబములోనివే. కరక్కాయ వగరును, ఉల్లిపొట్టు రంగును, ప్రత్తిపువ్వు పసుపును ఇందు జేరును.

ఈ పదార్థములతో పని అరిసెల పాకమువంటిది. బెల్ల మదియే, నీరదియే. ఒక క్షణము ముదిరెనా, పాకము చెడును. మన రసవైద్యులు పుటమునకు ఇన్ని పిడకలని లెక్క పెట్టుటయు నిందులకే. జర్మనీలో కోల్బె యనునతడు ఫినాలునుండి సాలిసిలికామ్లమును జేసెను. 1885లో ష్మిట్టు ఆ పనినే మూసిన పాత్రలో, బొగ్గుపులుసుగాలిని ఒత్తిడితో నింపి, 125 డిగ్రీల ప్రాంతపు వేడిమిలో జరిపి చక్కబఱచెను. అప్పుడా గాలి ఫినాలు చక్రములో జంటకు ప్రక్కచోట నంటుకొనును. సోడియమునకు మాఱుగా పొటాసియమును వాడి, వేడిమిని రెండువందల డిగ్రీలు దాటించినచో ఎదుటిచోట నంటును. ప్రక్కన నంటినదానినుండి ఆస్పిరిను వచ్చును, ఎదుట నంటినదానినుండి రాదు.

ఇక వాల్తేరు సంగతి. తిరువేంకట రాజేంద్ర శేషాద్రిగారు 1900లో తిరుచిరాపల్లి ప్రాంతపు కుళిత్తలైలో జన్మించిరి. పుట్టుకచేత తెలుగువారు కారు. ఈ మాట దాచి నా పాత తప్పును మఱియొక తప్పుతో కప్పుకొనజాలను. మాంచెస్టరులో రాబిన్సను పండితునికడ శిష్యరికము చేసి వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున 1949 వఱకు రసాయనశాఖను నడపిరి. వారి శిష్యులలో తెలుగుబిడ్డలు పెక్కురు. వారు పరీక్షకు దీసికొన్న వస్తువులు మన పెరటివి, మన పొలములవి. ప్రత్తిపువ్వులు, గోగుపువ్వులు వారికి ముడిసరకులు. ఇచ్చట మనము పుంటికూర యనెడి ఎఱ్ఱగోంగూర పువ్వునుండి హిబిస్కెటిను అను రంజకమును వేఱుచేసి దాని నిర్మాణమును తేల్చిన పత్రము 1942 నాటిది. సూర్యప్రకాశరావుగారు అందు సహకర్త.

ఆ 1942వ సంవత్సరముననే ఏప్రిలు 6వ తేదీని జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేసిరి. విశ్వకళాపరిషత్తు గుంటూరునకు దరలవలసి వచ్చెను. ప్రయోగశాలను తరలించుట తాళపత్రగ్రంథములు మూటగట్టుట వంటిది కాదు. నీరు, నిప్పు, తూనిక, అన్నియు క్రొత్తగా నమర్చుకొనవలెను. అయినను పని తెగిపోలేదు.

ఇప్పుడు 1947 నాటి పత్రమునకు వత్తము. ఉల్లిపొట్టులోని క్వెర్సిటినునకు నేను చెప్పిన జంటలు ఐదు, ప్రత్తిపువ్వులోని గాసిపెటినునకు ఆఱు. ఆ ఆఱవదానిని సరియైన చోట నమర్చగలిగినచో ఉల్లిరంగు ప్రత్తిరంగగును. అయితే ఐదింటిని నగ్నముగ విడిచి ఆమ్లజని నిచ్చినచో పదార్థ మంతయు చెడి నల్లని జిగురగును. కావున మొదట నాలుగింటికి మూతలు పెట్టవలెను. తడి లేని అసిటోనులో పొటాసియము కార్బొనేటు నుంచి, డైమిథైల్ సల్ఫేటును (ఇది మిక్కిలి విషము సుమా) కొలత తప్పక కలిపి మరిగింతురు. ఐదవ జంట ప్రక్కనున్న ఆమ్లజనిని పట్టుకొనియుండుటచే సులభముగ మూత నంగీకరింపదు. కొలత మించినచో, కాలము మించినచో, దానికిని మూత పడి పని చెడును.

పిమ్మట 1893లో ఎల్బ్సు అను జర్మను కనిపెట్టిన మార్గము. మూతలు పెట్టిన పదార్థమును క్షారజలమున గరిగించి, చల్లగా నుంచి, పొటాసియము పర్సల్ఫేటు ద్రవమును కలియబెట్టుచు బొట్టుబొట్టుగా రెండు గంటలు పోయుదురు. ఒకనాడు కదల్పక యుంతురు. మూత లేని ఐదవ జంటకు సరిగా నెదుట క్రొత్త ఆమ్లజని చేరును. అది చేరుచునే గంధకపు కవచము నొకటి ధరించును. కావుననే మఱల చెడదు. మాఱక మిగిలిన భాగమును వడకట్టి తీసి, ఆమ్లముతో వేడిచేసి కవచమును విప్పుదురు. తుదకు నాలుగు మూతలను దొలగింపగా గాసిపెటిను లభించును. తొందరపడి వేడిచేసినవానికి దక్కునది మసి.

చెట్టును తన రంగులను ఇట్లే, ఒకదానిపై నొక ఆమ్లజనిని జేర్చి, మార్చుకొనుచుండునని శేషాద్రిగారు ఊహించిరి. 1949లో వారు ఢిల్లీకి బోయిరి. 1960లో లండను రాయల్ సొసైటీ వారిని సభ్యునిగా నెన్నుకొనెను. 1975లో గతించిరి. వాల్తేరున వారితో పనిచేసిన ఎన్.వి. సుబ్బారావుగారు తరువాత మన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇట్టి పరిశోధననే యిచ్చట సాగించిరి. అనగా నేను గాజుకుప్పెలు సీమవారివని చెప్పిన నారాయణగూడకు కొలది మైళ్ల దూరముననే యా కుప్పెలు మరుగుచుండినవి.

మూడవ సాయంకాలమున చిన్నవాడు కాగితములు మడచి, "ఇది పరీక్షలో రాదు సారూ" అని నవ్వెను. ఆ పత్రముపై నున్న పేర్లు రెండు: కె. విశ్వేశ్వరరావు, టి.ఆర్. శేషాద్రి. ఆనాడు నేను కూర్చుండుమన్న బాలుడు, ఇప్పుడు నడివయసువాడై యుండును, ఈ ప్రసంగము వినుచున్నచో అతని ప్రశ్నకు నేను బాకీపడిన ప్రత్యుత్తర మిదియే. ఇంకేమైన నడుగదలచినచో, సాయంకాలము ఐదుగంటలకు గ్రంథాలయపు మెట్లకడ నుందును.