మ్యాడ్2

కణవిభజనలో క్రోమోజోములన్నీ సరిగ్గా అమరేదాకా కణాన్ని ముందుకు పోనివ్వని తనిఖీ వ్యవస్థలోని కీలక ప్రోటీన్. దీని జన్యువును 1991లో రాంగ్ లీ, ఆండ్రూ ముర్రే ఈస్ట్‌లో గుర్తించారు. మానవ మ్యాడ్2లో 205 అమైనో ఆమ్లాలుంటాయి.

ఒకే అమైనో ఆమ్ల వరుస రెండు స్థిరమైన ఆకృతులు దాల్చడం దీని విశేషం. ప్రోటీన్లలో ఇది అరుదు. ‘తెరిచిన’ రూపంలో కార్బాక్సిల్ కొస బీటా పలక అంచుకు అతుక్కుని బంధన స్థానాన్ని కప్పేస్తుంది. ‘మూసిన’ రూపంలో ఆ కొస అక్కడి నుంచి లేచి పలక రెండో అంచుకు చేరుతుంది. మ్యాడ్1 లేదా సీడీసీ20 అనే ప్రోటీన్లలోని చిన్న పెప్టైడ్ ముక్కను కారు సీటు బెల్టులా చుట్టి బిగిస్తుంది. పేర్లు తికమక పెట్టినా, పట్టుకునేది మూసిన రూపమే.

క్రోమోజోమును లాగే మైక్రోట్యూబ్యూల్ వచ్చి అతుక్కునే చోటు కైనెటోకోర్. మైక్రోట్యూబ్యూల్ ఇంకా అందని కైనెటోకోర్ దగ్గర, మ్యాడ్1ను పట్టుకున్న మూసిన మ్యాడ్2 మరో తెరిచిన మ్యాడ్2తో జతకట్టి, అది సీడీసీ20ను పట్టుకునేందుకు తోడ్పడుతుంది. అలా చిక్కిన సీడీసీ20 అనాఫేజ్ ప్రేరక సముదాయాన్ని పనిచేయించలేదు. దాంతో ఆ విభజన దశను అడ్డుకునే సెక్యూరిన్, సైక్లిన్ బి ప్రోటీన్లు నాశనం కావు, సోదర క్రోమాటిడ్‌లు విడిపోవు. ఈ పట్టును ట్రిప్13, పీ31కామెట్ ప్రోటీన్లు ఏటీపీ శక్తితో విప్పుతాయి. మ్యాడ్2 పూర్తిగా లేని ఎలుక పిండాలు తొలి దశలోనే చనిపోతాయి.