తెరకీ మాటకీ మధ్య తీగ

పుంగనూరులో ఈపొద్దు ఒక డాక్యుమెంటరీ వెయ్యాలంటే కావలసినవి మూడే: లాప్‌టాప్, ప్రొజెక్టరు, స్పీకరు. మూడూ దొరకడం కష్టం కాదు. చిక్కంతా వాటిని కలిపే దగ్గరే. బొమ్మ గోడ మీద పడుతుంది, మాట మాత్రం లాప్‌టాప్‌లోనే గొణుగుతూ ఉండిపోతుంది. బ్లూటూత్ స్పీకరు పెడితే మాట వస్తుంది గానీ, తెర మీది మనిషి పెదవులు మూసుకున్నాక వస్తుంది. తెలిసినవాణ్ణి ఎవర్నో పిలిచి, ఎట్లాగో సర్దుకుని, ఆ సంగతి మరిచిపోతాం. కానీ ఈ చిక్కుకి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. తెలుగువాళ్ళ సినిమా చరిత్ర మొదలయ్యేదే ఇక్కణ్ణుంచి అని నా వాదన.

సినిమాకి ముందు మన రాయలసీమలో తెర అంటే తోలుబొమ్మలాట తెర. అక్కడ ఈ సమస్యే లేదు. బొమ్మని ఆడించేవాళ్ళూ, పాడేవాళ్ళూ, మాట పలికేవాళ్ళూ అందరూ తెర వెనకే ఉంటారు. కాళ్ళ కింద చెక్క పలకలు వేసుకుని, యుద్ధం వస్తే వాటినే దబదబా తొక్కుతారు. హనుమంతుడి చెయ్యి లేచిన క్షణానే చప్పుడు వస్తుంది, ఎందుకంటే చెయ్యీ కాలూ ఒకే మనిషివి. దీపం, నీడ, గొంతు ఒకచోటే ఉన్నప్పుడు వాటిని కలపడానికి తీగ అక్కర్లేదు.

యంత్రం వచ్చాక బొమ్మ ఒక దారి, గొంతు ఒక దారి పట్టాయి. సినిమాటోగ్రాఫు మూగది, గ్రామఫోను గుడ్డిది. రెంటికీ పెళ్ళి చెయ్యడానికి ఫ్రాన్సులో లియాన్ గోమాంట్ 1902లోనే క్రోనోఫోన్ అనే ఏర్పాటు చూపించాడు. ప్రొజెక్టరునీ గ్రామఫోనునీ కరెంటు తీగలతో జత చేసి నడిపే పద్ధతి అది. ఆపరేటరు ముందు ఒక డయలు ఉంటుంది. బొమ్మ వెనకబడితే ముల్లు ఒక వైపు వాలుతుంది, ముందుకు ఉరికితే ఇంకో వైపు. ఆపరేటరు ఆ ముల్లు చూసుకుంటూ వేగం సరిచెయ్యాలి. అప్పటికి వాల్వు ఆంప్లిఫయర్లు లేవు కాబట్టి, హాలంతా వినబడేట్టు చెయ్యడానికి పంపుతో ఒత్తిడి గాలిని వాడారు. అట్లా గొంతు పెంచిన రకానికి క్రోనోమెగాఫోన్ అని పేరు.

దాన్ని మద్రాసులో జనానికి చూపించినవాడు తెలుగువాడే, మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య. మద్రాసులో ఆయనది ఫోటో స్టూడియో. ఆ స్టూడియోని తాకట్టు పెట్టి, ముప్ఫై వేల రూపాయలకు క్రోనోమెగాఫోన్ కొన్నాడని చెబుతారు. 1910లో విక్టోరియా పబ్లిక్ హాల్లో ప్రదర్శనలిచ్చి, తర్వాత ఆ సరంజామాతో ఊళ్ళు తిరిగాడు. బెంగుళూరు, విజయవాడ, సముద్రం దాటి సిలోను, బర్మా. మద్రాసు నుంచి బెంగుళూరుకు రైల్లోనే వెళ్ళుంటే, ఆ పెట్టెలు మన కుప్పం స్టేషను దాటే పోయుండాలి.

వెంకయ్యని మనం సాధారణంగా 1914లో గెయిటీ థియేటరు కట్టినందుకు, కొడుకు ప్రకాశ్‌తో కలిసి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసినందుకు గుర్తుపెట్టుకుంటాం. ఆయన పేరున ప్రభుత్వ అవార్డు ఉంది. ఆయన్ని ‘మూకీల పితామహుడు’ అనడం కూడా అలవాటు. నాకు అభ్యంతరం అక్కడే. ఆయన మొదలుపెట్టింది మూకీతో కాదు, మాటని బొమ్మకి తగిలించే యంత్రంతో. తెలుగువాడి సినిమా పుట్టుకలోనే గొంతు ఉంది. అది సరిగా అతుక్కోక జారిపోయింది, అంతే.

ఇంకో విశేషం. గోమాంట్ కంపెనీ ఆ పాటల చిత్రాలను తీసిన తీరు చూడండి. ముందు డిస్కు మీద పాట రికార్డు చేసేవాళ్ళు. తర్వాత ఆ రికార్డు వేసి, నటులు దానికి పెదవులు కదుపుతుంటే కెమెరా తిప్పేవాళ్ళు. మన సినిమాల్లో పాట తీసే పద్ధతి ఈనాటికీ ఇదే గదా! ప్లేబాక్ మనకి టాకీల తర్వాత వచ్చిందనుకుంటాం గానీ, ఆ తెలివి టాకీల కన్నా పాతది.

డిస్కుతో తంటా ఏమంటే ఫిల్ము తెగడం. తెగిన చోట నాలుగు ఫ్రేములు కత్తిరించి అతికిస్తే, డిస్కు మీది మాట మాత్రం కత్తిరించినట్టు ఉండదు. అక్కణ్ణుంచి రాజు మాట రాణి నోట్లో. అమెరికాలో 1926 నాటి వైటాఫోనుకీ ఇదే పీడ. మందు ఏమిటంటే, మాటని కూడా ఫిల్ము అంచునే ముద్రించడం. 1931 మార్చి 14న ‘ఆలం ఆరా’, అదే ఏడు అక్టోబరు 31న తమిళం తెలుగు కలిసి వినిపించిన ‘కాళిదాస్’, రెంటాల జయదేవ పరిశోధన ప్రకారం 1932 ఫిబ్రవరి 6న ‘భక్త ప్రహ్లాద’. చివరి రెంటికీ దర్శకుడు హెచ్.ఎం. రెడ్డే.

అయినా ఫిల్ములో బొమ్మా మాటా పక్కపక్కన ఉండవు. ప్రొజెక్టరు గేటు దగ్గర ఫిల్ము సెకనుకి 24 సార్లు ఆగి ఆగి కదలాలి, లేకపోతే బొమ్మ నిలవదు. మాట చదివే చోట ఆగకుండా నున్నగా సాగాలి, లేకపోతే గొంతు వణుకుతుంది. రెండూ ఒకచోట కుదరవు. అందుకని 35 ఎంఎం ఫిల్ములో మాటని దాని బొమ్మ కన్నా 20 ఫ్రేముల ముందు ముద్రిస్తారు. అంటే పదిహేను అంగుళాలు, కాలంలో సెకను కన్నా కొంచెం తక్కువ. గేటుకీ సౌండ్ హెడ్డుకీ మధ్య ఆపరేటరు ఒక లూపు వదులుతాడు. లూపు సరిగ్గా ఉంటే నోరూ మాటా కలుస్తాయి. పెద్దదైతే మాట ఆలస్యం. తెలుగు సినిమాలో ప్రతి డైలాగూ, ఎంత పెద్ద నటుడిదైనా, క్యాబిన్లో చెమటలు కక్కే ఒక మనిషి వేలికొసల మీద ఆధారపడి ఉండింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి వైపుల్లో ఆ మనిషి పని ఇంకా కష్టం. టెంటు సినిమాలో కరెంటు సొంతంగా పుట్టించుకోవాలి, దానికి ఆయిలింజను. వెలుగు కోసం రెండు కార్బను కడ్డీల మధ్య మంట, అవి కాలేకొద్దీ దగ్గరికి జరుపుతుండాలి. సౌండ్ హెడ్డులో చిన్న బల్బు, ఫోటోసెల్లు, అక్కణ్ణుంచి ఆంప్లిఫయరు, అక్కణ్ణుంచి టెంటు పొడుగునా తెర వెనక స్పీకరు దాకా తీగ. ఆట మొదలయ్యే ముందు గుంజకి కట్టిన హారనులో దేవుడి పాట వేస్తే చుట్టుపక్కల పల్లెలకి వినబడేది. బొమ్మ టెంటు దాటదు, టికెట్టు కొన్నవాళ్ళకే. పాట మాత్రం కొననివాళ్ళకి కూడా. సీమ జనానికి కోస్తా తెలుగు చెవికి పట్టిందీ ఈ తీగ మీదనే. తెర మీది నాయకుడు ‘ఎట్లా’ అనడు, ‘ఎలా’ అంటాడు. ఆ మాటే మంచి తెలుగని, ఇంట్లో మాట్లాడేది మోటు తెలుగని నమ్మిన తరాలున్నాయి.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1980లలో వీసీఆర్ వచ్చి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులుగా బొమ్మనీ మాటనీ మళ్ళీ విడదీసింది. 1993లో ‘జురాసిక్ పార్క్’తో వచ్చిన డీటీఎస్ మాటని తిరిగి డిస్కులోకి తీసుకుపోయింది. ఫిల్ము అంచున టైంకోడు మాత్రం ఉంటుంది, సీడీ దాన్ని అనుసరిస్తుంది. ఫిల్ము తెగితే సీడీ కూడా అంతమేరా దూకుతుంది. గోమాంట్ ఆపరేటరు ముల్లు చూసి చేసిన పనిని టైంకోడు చేసిందన్నమాట.

ఆ పైన హెచ్‌డీఎంఐ రెంటినీ ఒకే తీగలో నడిపింది. అందులోనే ఇంకొకటి కూడా నడుస్తుంది: అనుమతి. కాపీ రక్షణ ఉన్న సినిమా వేస్తే, ఈ చివరి పరికరం ఆ చివరిదాన్ని గుర్తింపు అడుగుతుంది. పాత ప్రొజెక్టరు జవాబు చెప్పలేకపోతే తెర నల్లగా ఉంటుంది. డిజిటల్ థియేటర్లలోనూ అంతే. సినిమా హార్డు డిస్కులో ఉన్నా, తాళం చెవి లాంటి కోడు వేరే ఊరి నుంచి వస్తేనే ఆట. టెంటులో డబ్బా చేతికొస్తే ఆపరేటరు ఆడించగలిగేవాడు. ఇప్పుడు సినిమా మన ఊళ్ళోనే ఉన్నా, అది మొదలయ్యేదీ లేనిదీ తేలేది మరో చోట.

చిన్న ఊళ్ళో ఒక పాఠశాల, ఒక గ్రంథాలయం సినిమా చూపించాలనుకుంటే ఈ చరిత్ర పనికొస్తుంది. మాట ప్రొజెక్టరు లోపలి బుల్లి స్పీకరులోకి పోతోందా, లాప్‌టాప్‌లో ఏ దారి ఎంచుకున్నాం, బ్లూటూత్ బదులు మామూలు తీగ ఎందుకు వాడాలి? ఇవన్నీ 1910 నాటి ప్రశ్నకి కొత్త రూపాలే.

మన సినిమా చరిత్రల్లో నటుల పుట్టిన తేదీలున్నాయి, విడుదల తేదీల మీద వాదాలున్నాయి. లూపు ఎంత వదలాలో, కడ్డీ ఎప్పుడు జరపాలో తెలిసిన ఆపరేటర్ల మాటలు మాత్రం దాదాపు ఎక్కడా లేవు. ఫిల్ము పోవడంతో వాళ్ళ పని పోయింది. ఆ మనుషులు కొందరు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. పొరుగింటి తాతో, బజారు వీధిలో రేడియో రిపేరు చేసే ఆయనో కావచ్చు. ఫోన్లో రికార్డరు ఎట్లాగూ ఉంది. వాళ్ళు చెబుతుండగా వాళ్ళ తెలుగులోనే, వాళ్ళ యాసలోనే ఆ గొంతుల్ని నిలబెట్టే పని ఈ ఏడే మొదలుపెట్టాలి.