మిలేటస్ నుంచి ఎర్రగుడి దాకా పారశీక ముద్ర

గ్రీకు తత్త్వచింతన అయోనియా (నేటి టర్కీ పశ్చిమ) తీరంలో మొదలైందని అందరూ రాస్తారు. ఆ తీరం క్రీ.పూ. 546 ప్రాంతంలో పారశీక చక్రవర్తి సైరస్ వశమైందన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. అక్కడి మిలేటస్‌ వాడైన అనాక్సిమాండర్ భూమికి దగ్గరగా నక్షత్రాలు, వాటికి పైన చంద్రుడు, అన్నిటికీ పైన సూర్యుడు ఉన్నాయన్నాడు. ఆకాశాన్ని చూస్తూ కూర్చున్నవాడికి ఈ వరుస తట్టదు, ఎందుకంటే చంద్రుడు నక్షత్రాలను కప్పేయడం కంటికి కనిపించేదే. పారశీకుల జరతుష్ట్ర మతగ్రంథం అవెస్తాలో మాత్రం నక్షత్రాలు, చంద్రుడు, సూర్యుడు, ఆపైన అనంతజ్యోతి అని సరిగ్గా ఇదే వరుస ఉంది. 1963లో గ్రీకు మత పండితుడు వాల్టర్ బుర్కెర్ట్ ఈ పోలికను గట్టిగా ముందుకు తెచ్చాడు. అవెస్తా గ్రంథస్థమైంది ఎన్నో శతాబ్దాల తర్వాత కదా అని ఆక్షేపిస్తారు. నిజమే, కానీ మన వేదాల్లాగే అదీ అంతకాలం నోటి పాఠంగా నిలిచింది. దాని భాష రాత కన్నా చాలా పాతది.

అదే తీరంలోని ఎఫెసస్‌వాసి, తత్త్వవేత్త హెరాక్లిటస్ విషయం ఇంత తేలిక కాదు. లోకమంతా నిత్యాగ్ని అన్నాడు కాబట్టి అది జరతుష్ట్రుడి అగ్నే అనేస్తారు. కానీ ఆయన అగ్ని ఒక లెక్క ప్రకారం రగిలి, ఒక లెక్క ప్రకారం ఆరుతుంది. జరతుష్ట్ర మతస్థులు పవిత్రాగ్నిని ఆరనివ్వరు. పోలిక ఉన్నంత మాత్రాన అరువు తెచ్చుకున్నట్టు కాదు.

అరువు ఎలా ఉంటుందో రాతిమీద చూడాలంటే అదే పారశీక సామ్రాజ్యపు తూర్పు అంచు దాటి రావాలి. ఢిల్లీలోని బహాపూర్‌లో 1966లో అశోకుడి శాసనం బయటపడింది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆయన 14 శిలాశాసనాలూ ఉన్నాయి. ‘రాజు ఇలా అంటున్నాడు’ అనే ఎత్తుగడ ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండమీద పారశీక చక్రవర్తి డేరియస్ వేయించిన శాసనంలోదే. అక్కడ డేరియస్ తన దైవం అహురమజ్దా దయతో శత్రువులను అణిచానని చెప్పుకుంటే, అశోకుడు 13వ శాసనంలో కళింగను గెలిచినందుకు బాధపడ్డాడు. ఎత్తుగడ పారశీకులది, మనసు అశోకుడిది. ఈ తేడా చూడకనే 1915లో పురావస్తు శాస్త్రవేత్త డి.బి. స్పూనర్ మౌర్యులే పారశీకులన్నాడు. ఆ వాదం నిలవలేదు.

గ్రీసుకూ ఇదే కొలత వర్తించాలి. మంచిచెడులకు ఓర్మజ్ద్ (అహురమజ్దా), అహ్రిమన్ అనే రెండు మూలాలున్నాయన్న పారశీక పురోహితులు మాగీల సిద్ధాంతం అరిస్టాటిల్‌కు తెలుసు. తెలిసినవాడు దాన్ని ఒప్పుకున్నట్టేమీ కాదు. నా లెక్కలో అనాక్సిమాండర్ ఆకాశపు వరుసకు పారశీక మూలం దాదాపు ఖాయం, హెరాక్లిటస్ అగ్నికి ఇంకా రుజువు లేదు.