తలారి ఎవరికి జవాబుదారీ?

2020 మార్చిలో తీహార్ జైల్లో నలుగురికి ఉరిశిక్ష అమలు చేసినప్పుడు తెలుగు పేపర్లలో 'తలారి' అనే మాట మళ్ళీ కనిపించింది. మనలో చాలామందికి ఆ మాటకి తెలిసిన అర్థం అదొక్కటే: ఉరి తీసేవాడు. కానీ మన తాతల కాలంలో ఏ పల్లెలో అడిగినా తలారి అంటే ఊరి కావలివాడు. కర్ర పట్టుకుని రాత్రిళ్ళు తిరిగేవాడు, ఊళ్ళోకి కొత్త మొహం వస్తే మునసబుకి కబురు చేసేవాడు.

1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకొచ్చిన 'ఫిఫ్త్ రిపోర్టు' దక్షిణాది గ్రామోద్యోగుల పట్టిక ఇస్తుంది. అందులో తలారి ఉన్నాడు, తోటి ఉన్నాడు. నేరాల ఆచూకీ తియ్యడం, బాటసారుల్ని పక్క ఊరి దాకా భద్రంగా దిగబెట్టడం తలారి పని. పంటకి కాపలా కాయడం, కొలతల్లో సాయపడటం తోటి పని. వీళ్ళకి నెలజీతం లేదు. కాస్త ఇనాం భూమి, కళ్ళంలో కొలిచే గింజలు, అంతే. ఊళ్ళో దొంగతనం జరిగి సొత్తు దొరక్కపోతే ఆ నష్టాన్ని కావలివాళ్ళే పూడ్చాలనే కట్టుబాటు చాలాచోట్ల ఉండేది.

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఊరి డబ్బు, ఊరి మనిషి, ఊరికే జవాబుదారీ. 'ఆ రోజుల్లో పోలీసులతో పనేముంది, ఊరే చూసుకునేది' అని పెద్దవాళ్ళు అనే మాట ఇదే. కాకపోతే ఆ 'ఊరు' అంటే ఎవరో చూడాలి.

కంపెనీవాళ్ళు 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో దరోగాల పద్ధతి పెట్టారు. అది నడవలేదు. రాయలసీమ జిల్లాల్లో ఏడేళ్ళు కలెక్టరుగా చేసిన థామస్ మన్రో, పోలీసు పని పాత గ్రామోద్యోగులకే ఇవ్వాలని పట్టుబట్టాడు. 1816 నాటి 11వ రెగ్యులేషన్ అలా వచ్చింది. పల్లెలో మునసబు, అతని కింద తలారి, పైన తాసీల్దారు. చిన్న తగాదాల్లో మునసబే శిక్ష వెయ్యొచ్చు. ఆ శిక్షల్లో ఒకటి బొండకొయ్య. రెండు దుంగల మధ్య కాళ్ళు బిగించి ఆరు గంటల దాకా కూర్చోబెట్టొచ్చు. అయితే అందరినీ కాదు. అలాంటి అవమానం 'తగని పని కాదు' అనిపించే కింది కులాలవాళ్ళని మాత్రమేనని రెగ్యులేషనే చెప్పింది. ఊళ్ళో ఉన్న కులం లెక్క అలా చట్టంలోకి ఎక్కింది. తలారి కూడా చాలాచోట్ల ఆ కింది కులాలవాడే. ఒక్కోసారి తనవాళ్ళ కాళ్ళే అతను బిగించాల్సి వచ్చి ఉంటుంది.

దీనికి ఇంకో చిక్కు తోడైంది. శిస్తు వసూలు చేసే తాసీల్దారే పోలీసు అధికారి కూడా. శిస్తు కట్టలేని రైతుని కొట్టేదీ, ఆ రైతు ఫిర్యాదు తీసుకోవాల్సిందీ ఒకే కచేరీ. 1855లో మద్రాసు టార్చర్ కమిషన్ ఈ సంగతే బయటపెట్టింది. రెండేళ్ళ తర్వాత న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో దాని గురించి కార్ల్ మార్క్స్ రాశాడు.

అప్పుడు శిస్తునీ పోలీసునీ విడదీశారు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. విలియం రాబిన్సన్ మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. రెండేళ్ళకి 1861 చట్టం వచ్చింది. యూనిఫాం, జీతం, స్టేషన్ అన్నీ వచ్చాయి. కానీ ఈ కొత్త పోలీసు పల్లెకి కాపలా కాయడానికి వచ్చినవాడు కాదు, గొడవైనప్పుడు దిగేవాడు. మద్రాసు పోలీసు చరిత్ర రాసిన డేవిడ్ ఆర్నాల్డ్ చూపించింది ఇదే. మామూలు రోజుల్లో ఊళ్ళో పెత్తనం ఎవరిదో వాళ్ళదే. స్టేషన్ ఎక్కడో దూరాన ఉంటుంది, మునసబు పక్క వీధిలో ఉంటాడు. నిజాం ఇలాకాలో ఇదే కుర్చీలో పోలీసు పటేల్ కూర్చున్నాడు. అదీ వంశపారంపర్యమే.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఈ పదవుల్ని రద్దు చేసింది. మునసబు, కరణం, పటేల్ పోయారు. తలారి మాత్రం పేరు మారి గ్రామ సేవకుడిగా, తర్వాత రెవెన్యూ సహాయకుడిగా మిగిలాడు.

2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాలు పెట్టి, ప్రతి సచివాలయంలో ఒక మహిళా ఉద్యోగిని వేసింది. తర్వాత వాళ్ళకి మహిళా పోలీసులని పేరు పెట్టింది. వాళ్ళు అసలు పోలీసులేనా అన్న వాదన హైకోర్టు దాకా వెళ్ళింది. జీతం ఎవరిస్తారు, హుకుం ఎవరిస్తారు అనే ప్రశ్నలు రెండొందల ఏళ్ళ నాటివే. అప్పట్లో ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. బొండకొయ్యలో కూర్చున్నవాడు మునసబు మీద ఎవరికి చెప్పుకోవాలి? ఇవాళ ఊరి పెద్ద మీద ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే ఒక ఒంటరి ఆడమనిషి ధైర్యంగా ఆ సచివాలయం మెట్లెక్కగలదా? ఊరికి పోలీసు ఉందో లేదో అక్కడ తేలుతుంది.