కోరికల చిట్టా కాదు ప్రార్థన

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ప్రార్థన కూడిక అనగానే ముందుగా వినిపించేవి ప్రార్థన అంశాలు: జ్వరం, అప్పు, బిడ్డ పెళ్లి, కొడుకు కొలువు, బోరులో నీళ్లు. ఈ వరుస వింటే ప్రార్థన దేవుడికి పెట్టుకునే అర్జీయేమో అనిపిస్తుంది. అది ఈ నేలకు వచ్చిన దారి చూస్తే మాత్రం వేరే సంగతి తెలుస్తుంది. సొంత కోరిక ప్రార్థనలో ఒక పాలు మాత్రమే. మనిషిని తన గోడు దాటించి, దేవుడి చిత్తానికి తలవంచేలా, తోటివారి కష్టానికి పూచీపడేలా చేయడమే దాని అసలు పని.

ఆ దారి ఒంగోలు మీదుగా సాగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన లైమన్ జూయెట్, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అనే తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న గుట్టెక్కారు. ఆ ఊరికి ఒక బోధకుణ్ని పంపమని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. వాళ్లు అడిగింది తమకోసం కాదు, తమది కాని ఊరికోసం. వాళ్లు అడిగిన బోధకుడు జాన్ క్లఫ్ ఒంగోలు చేరింది పన్నెండేళ్లకు, 1866లో. 1876-78 కరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని చూపించారు. కూటికోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరి మనసులూ ఒక్కటేనని దీన్నిబట్టి చెప్పలేం. కూలి ఆగాక కూడా అంతమంది వచ్చారంటే, వాళ్లకు కావలసింది కూడు ఒక్కటే కాదని మాత్రం చెప్పవచ్చు.

1890లో దక్షిణ రష్యా మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అదే బాప్టిస్టు మిషను తరఫున నల్లగొండలో స్థిరపడ్డారు. తర్వాతి దశాబ్దాల్లో మెన్నోనైట్ బ్రదరెన్ పని నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి దాకా పాకింది. సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు, మాలలు. నిజాం కాలపు వెట్టిలో దొర ముందు నోరెత్తకూడని మనిషికి కూడికలో లేచి, మధ్యవర్తి లేకుండా, తన మాటల్లోనే దేవుడితో మాట్లాడే హక్కు దక్కింది. ఆ హక్కుతోపాటే ఒక బాధ్యతా వచ్చింది. పాలకులతో సహా మనుషులందరి కోసం విజ్ఞాపన చేయమని తిమోతికి రాసిన మొదటి పత్రిక చెబుతుంది. 1976లో ఏర్పడిన నల్లగొండ కథోలిక మేత్రాసనంలోనూ ఇదే నియమం. దివ్యబలిపూజలోని విశ్వాసుల ప్రార్థనలో ముందు శ్రీసభ, తర్వాత పాలకులు, లోకం, ఆపై బాధితులు, చివరికి స్థానిక సంఘం. మన వంతు ఆఖరున వస్తుంది.

పేదవాడు తన అవసరం అడిగితే తప్పా అని ఎవరైనా నిలదీయవచ్చు. తప్పు కానే కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనూ అనుదినాహారం ఉంది. అయితే అది దేవుడి నామం, రాజ్యం, చిత్తం తర్వాత వస్తుంది, వెంటనే క్షమాపణ దాకా తీసుకెళుతుంది. దేవుడికి అన్నీ తెలిసినప్పుడు అడగడం దేనికన్నది రెండో ప్రశ్న. అయిదో శతాబ్దంలో ప్రోబా అనే వితంతువుకు రాసిన లేఖలో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ దీనికి జవాబిచ్చాడు: ప్రార్థన దేవుడికి సమాచారం చేరవేయదు, దేవుడిచ్చేదాన్ని అందుకునేలా మన కోరికకు సాధన ఇస్తుంది. మూడోది అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ: ప్రార్థన చేతులు ముడుచుకోవడం నేర్పుతుందని. అలా నేర్పిన చోట అది ప్రార్థనే కాదు. మొక్కిన క్లఫే కాలువ తవ్వించారు. ప్రార్థించిన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘమే జడ్చర్లలో ఆసుపత్రి కట్టింది. ఎవరికోసం ప్రార్థిస్తామో వాళ్లకు మనం బాకీ పడతాం. ఆ బాకీ తీర్చడానికి ఆమేన్ తర్వాత లేచి వెళ్లవలసింది మనమే.