పాలు పోసి మరిగించే టీ

టీపొడి, నీళ్లు, పాలు, పంచదార ఒకే గిన్నెలో వేసి పొయ్యి మీద మరిగించి వడగట్టిన పానీయమే భారతదేశంలో ఎక్కువ మందికి టీ. టీ తాగే మిగతా దేశాల్లో చాలావరకు ఆకును ఇలా మరిగించరు. చైనాలోనైనా ఇంగ్లండ్‌లోనైనా ఆకు మీద వేడినీళ్లు పోసి, సారం దిగేదాకా ఆగి, ఆకును వేరుచేస్తారు. ఈ తేడాకు కారణం పేదరికమనీ, టీ గురించి తెలియకపోవడమనీ తోటల యజమానులు ఒకప్పుడు అనుకున్నారు. ఆ అభిప్రాయం ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. చరిత్ర చూస్తే అది నిలవదు. ఈ దేశంలో టీ తోటలు వలస పాలనలో వచ్చాయి, టీ తాగే అలవాటును తోటల యజమానులు డబ్బు పోసి పెంచారు. టీ ఎలా కాచాలన్నది మాత్రం వీధుల్లో అమ్మినవాళ్లూ ఇళ్లలో తాగినవాళ్లూ తేల్చుకున్నారు. ఆ తర్వాత పరిశ్రమే తన సరుకును వాళ్ల పొయ్యికి తగినట్టు మార్చుకుంది.

తోటలకు ముందు కూడా ఈ నేల మీద టీ ఉంది. అస్సాం, అరుణాచల్ కొండల్లోని సింగ్‌ఫో జనం ఆకును వేయించి, వెదురు గొట్టాల్లో కూరి, పొగమీద ఆరబెట్టి దాచుకునేవారు. 1689లో సూరత్‌కు వచ్చిన జాన్ ఓవింగ్టన్ అనే ఇంగ్లిష్ మతాధికారి, అక్కడివాళ్లు టీలో ఘాటైన సుగంధ ద్రవ్యాలు వేసి మరిగించి తలనొప్పికీ కడుపునొప్పికీ తాగుతారనీ, కలకండతోనో ఊరబెట్టిన నిమ్మకాయతోనో కూడా తాగుతారనీ రాశాడు. అందులో పాల మాట లేదు. సూరత్ అలవాటు నుంచే నేటి మసాలా టీ నేరుగా దిగివచ్చిందని చెప్పడానికి ఆధారమూ లేదు; రేవు పట్టణంలో దిగుమతి సరుకుగా దొరికిన టీ దేశం లోపలికి పెద్దగా పోలేదు. కానీ ఒక సంగతి మాత్రం రూఢి అవుతుంది. కొత్త ఆకు చేతికొస్తే దాన్ని కషాయంలా కాచడం ఇక్కడివాళ్లకు సహజంగా తోచిన పని. శొంఠి, మిరియాలు, తులసి కాచే ఇంట్లో టీ ఆకుకు వేరే నియమం ఎందుకుంటుంది?

1823లో రాబర్ట్ బ్రూస్ సింగ్‌ఫో నాయకుడు బిసా గామ్ ద్వారా అస్సాం మొక్క గురించి తెలుసుకున్నాడు. 1834లో గవర్నర్ జనరల్ బెంటింక్ టీ కమిటీని వేశాడు. 1839 జనవరిలో అస్సాం టీ లండన్ వేలంలో అమ్ముడైంది. ఆ ఏడే అస్సాం కంపెనీ పుట్టింది. తోటల పనికి దూర ప్రాంతాల నుంచి కూలీలను తరలించారు. వారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అయినా పండిన టీ దాదాపు అంతా ఓడలెక్కింది. పండించిన దేశమే కొనాలన్న ఆలోచన బలపడడానికి చాలాకాలం పట్టింది.

1903లో ఎగుమతయ్యే టీ మీద సెస్సు విధించే చట్టం వచ్చింది. ఆ సొమ్ముతో ప్రచారం మొదలైంది. 1930ల మాంద్యంలో ధరలు పడిపోయి, 1933 అంతర్జాతీయ ఒప్పందం ఎగుమతులకు కోటాలు పెట్టాక ఆ ప్రచారం దేశం లోపలి మార్కెట్ మీద మరింత ఉధృతంగా సాగింది. రైల్వే స్టేషన్లలో ఎనామిల్ బోర్డులు వెలిశాయి, ప్రదర్శకులు వీధుల్లోకీ ఇళ్లలోకీ వచ్చి టీ చేసి చూపించారు. వాళ్లు నేర్పిన పాఠం స్పష్టమైనది: తాజా నీళ్లు మరిగించాలి, టీపాట్‌ను ముందుగా వేడిచేయాలి, మనిషికో చెంచా చొప్పున, పాట్‌కు మరో చెంచా ఆకు వేయాలి, అయిదు నిమిషాలు మూతపెట్టాలి, పాలూ పంచదారా కప్పులోనే కలుపుకోవాలి. జనం టీని అందిపుచ్చుకున్నారు, పాఠాన్ని పక్కనపెట్టారు. అమ్మేవాళ్లు ఆకు తగ్గించి, పాలూ చక్కెరా పెంచి, అల్లమో యాలకులో దంచివేసి కలిపి కాచారు. మసాలా పడితే ఆకు ఖర్చు తగ్గుతుంది కాబట్టి ప్రచారకులకు ఇది నచ్చలేదు.

అమ్మేవాళ్ల లెక్కలో తప్పు లేదు. ఆకు ఖరీదైనది, మరిగిస్తే కొద్ది ఆకులోంచే రంగూ కెఫీనూ వగరూ ఎక్కువగా దిగుతాయి. వగరు మితిమీరితే పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ ఆకులోని పాలీఫినాల్స్‌ను పట్టుకుని నాలుకకు తగలకుండా చేస్తుంది, మిగిలిన చేదును చక్కెర కప్పేస్తుంది. పాల సంగతి అంతకన్నా ముఖ్యం. ఫ్రిజ్ లేని, ఎండ మండే ఊళ్లో పచ్చిపాలు నిలవవు, వాటిని కాచాల్సిందే. ఇంగ్లిష్ పద్ధతిలో చల్లటి పాలు కప్పులో పోసుకోవాలంటే పాలను వేరే జాగ్రత్తతో దాచాలి. ఒకే గిన్నె, ఒకే పొయ్యి ఉన్నవాడికి పాలూ టీ కలిపి మరిగించడం ఇంధనం ఆదా, పాలకు రక్షణ, టీకి చిక్కదనం. ఇందులో అనుభవంతో వచ్చిన నేర్పు కూడా ఉంది. పచ్చి అల్లాన్ని పాలలో వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది, ఎందుకంటే అల్లంలో ప్రొటీన్లను విరగ్గొట్టే జింజిబైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరిగనిచ్చి, ఎంజైమ్ చచ్చాక పాలు పోస్తారు. ఒక పొంగు రాగానే మంట తగ్గించి, మళ్లీ పొంగనిచ్చి, గరిటెతో ఎత్తిపోసి దించుతారు. ప్రచార కరపత్రాల్లో లేని ఈ వరుస పొయ్యి ముందు నిలబడ్డవాళ్లు కనిపెట్టినదే.

పద్ధతిని అమ్మేవాళ్లూ తాగేవాళ్లూ తేల్చారన్న ఈ వాదనకు బలమైన అభ్యంతరం యంత్రం వైపు నుంచి వస్తుంది. 1930ల మొదట్లో అస్సాంలోని అంగూరి తోటలో విలియం మెకెర్చర్ సీటీసీ (క్రష్, టేర్, కర్ల్) యంత్రాన్ని రూపొందించాడు. పళ్లున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతూ వాడ్చిన ఆకును నలిపి, చించి, ఉండలు కడతాయి. ఆ గింజ త్వరగా రంగునిస్తుంది, కిలోకు ఎక్కువ కప్పులిస్తుంది, పాలు ఎన్ని పోసినా రుచి మిగులుతుంది. టీ చరిత్ర మీద రాసిన ఫిలిప్ లుట్గెన్‌డార్ఫ్ వంటివారు నేటి చాయ్ సామాన్యుడికి అందడంలో ఈ చవక గింజకు పెద్దపీట వేశారు. టీ దేశమంతా పాకడానికి సీటీసీ కారణమన్నంతవరకు ఇది నిజం. పద్ధతికి కూడా అదే కారణమంటే కాలం ఒప్పుకోదు. సీటీసీ విరివిగా అందుబాటులోకి వచ్చింది స్వాతంత్ర్యం తర్వాత. మసాలా వేసి కాచేవాళ్ల మీద ప్రచారకుల ఫిర్యాదు అంతకుముందుది. టీ మీద అభ్యంతరమున్న గాంధీజీ, 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో మొదలుపెట్టిన ఆరోగ్య గ్రంథంలో, మరిగితే ఆకులోంచి దిగే టానిన్ కడుపుకు చెరుపు చేస్తుందని హెచ్చరించారు. మరిగించే అలవాటు అప్పటికే ఉంటేనే అలాంటి హెచ్చరికకు అర్థం. యంత్రం గింజను ఇచ్చింది, ఆ గింజకు తగిన గిన్నె అప్పటికే పొయ్యి మీద ఉంది.

పాలు కలపడం ఇంగ్లిష్‌వాళ్ల నుంచి వచ్చిందే కదా అన్నది మరో అభ్యంతరం. కొంతవరకు అవును. కానీ వాళ్ల కప్పులో పాలు ఒక చుక్క, ఇక్కడ సగం గిన్నె. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పాడి పథకంతో పట్టణాలకు పాల సరఫరా పెరిగాక పాలు ధారాళంగా పోయడం ఇంకా సులువైంది. కాశ్మీరులో ఉప్పూ సోడా వేసిన నూన్ చాయ్, లడఖ్‌లో వెన్న చిలికిన టీ ఉన్నాయి. పాలను టీలో ఎలా కలపాలన్నదానికి ఈ ఉపఖండం ఒక్క ఇంగ్లండ్ వైపే చూడలేదు.

హైదరాబాద్ ఇరానీ చాయ్ మరిగించే లెక్కకు పైకి ఎదురుగా కనిపిస్తుంది, ఎందుకంటే అందులో పాలూ డికాషనూ ఒకే గిన్నెలో కలవవు. యజ్ద్, షిరాజ్ వంటి చోట్ల నుంచి బొంబాయి, పుణె మీదుగా వచ్చిన ఇరానీలు నడిపిన హోటళ్లలో ఇది రూపుదిద్దుకుంది. ఇరాన్‌లో టీని పాలు లేకుండా, చక్కెర గడ్డ పంటికింద పెట్టుకుని తాగుతారు. ఇక్కడ మూసిన రాగి పాత్రలో డికాషన్ సన్న సెగ మీద దమ్ అవుతుంది, పక్క పాత్రలో పాలు మీగడ కట్టేదాకా మరుగుతుంటాయి. కప్పులో ముందు డికాషన్, పైన పాలు. పక్కన ఉస్మానియా బిస్కెట్. రెండు పాత్రలూ గంటలకొద్దీ మరుగుతూనే ఉంటాయి కాబట్టి ఇదీ మరిగించే పద్ధతే. వచ్చిన మనిషికల్లా అరనిమిషంలో కప్పు అందించాల్సిన హోటల్ ఆ పనిని రెండుగా విడదీసింది, అంతే.

తాగేవాళ్ల తీర్పు నేటి మార్కెట్‌లోనూ కనిపిస్తుంది. భారతదేశంలో ఏటా పండే సుమారు 130 కోట్ల కిలోల టీలో దాదాపు 80 శాతం దేశంలోనే ఖర్చవుతుంది, అందులో అత్యధిక భాగం సీటీసీ. గుజరాత్, మహారాష్ట్రల్లో కాస్త పెద్ద గింజను ఇష్టపడితే దక్షిణాదిలో డస్ట్ అనే మెత్తని పొడికి గిరాకీ ఎక్కువ, అది త్వరగా ముదురు రంగు దింపుతుంది. తోటలు ఆ గిరాకీని బట్టే గ్రేడ్లు చేస్తాయి. 2004లో భౌగోళిక గుర్తింపు పొందిన డార్జిలింగ్ టీ ఈ లెక్కకు బయట నిలుస్తుంది. దాని సువాసన పాలతో కలిపి మరిగిస్తే నిలవదు, అందుకే దాని గిరాకీలో విదేశాల వాటా పెద్దది.